వేలమున ఇల్లు, స్థలము కొనుట: పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

ఒకనాటి ఉదయమున గ్రామములో ఒక ఇంటి తలుపుపై కాగితము అంటించియుండును. దానిపై బ్యాంకు ముద్ర, ఇంటి నాలుగు దిక్కుల హద్దులు, ఒక తేదీ, ఒక ధర కనుపించును. మధ్యాహ్నమగునప్పటికి ఆ వార్త రచ్చబండను చేరును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఇద్దరు మనుష్యులు వేరువేరుగా పంచాయతీ సభ్యుని వాకిటికి వత్తురు. మొదటివాడు ఆ ఇంటి యజమాని. "అన్నా, ఇల్లు పోతుందట. ఇప్పుడేం చేయమంటావు?" అని అడుగును. రెండవవాడు అదే వీథివాడు. "అన్నా, ఆ ఇల్లు చవుకగా వస్తుందట. పాడమంటావా?" అని అడుగును.

ఇద్దరును మన ఊరివారే. ఇద్దరికిని సభ్యుడు సమాధానము చెప్పవలసినవాడే. ఆ సమాధానము ఊహను బట్టి చెప్పినచో ఒకనికి ఇల్లు పోవును, మరియొకనికి కూడబెట్టిన సొమ్ము పోవును. అట్లు జరుగకుండుటకై వేలములను గూర్చి ప్రతి సభ్యుడు తెలిసికొనదగిన సంగతులను ఈ పాఠమున వివరించుచున్నాము.

వేలములలో తెగలు

వేలములన్నియు ఒకటి కావు. అమ్మువారెవరు, ఏ చట్టము ననుసరించి అమ్ముచున్నారు అను రెండు ప్రశ్నలకు జవాబు దొరకిన తరువాతనే తక్కిన విచారణకు దిగవలెను.

మొదటిది కోర్టు వేలము. అప్పు ఇచ్చినవాడు కోర్టులో డిక్రీ పొంది, దానిని అమలు జరిపించుకొనుటకై ఋణగ్రస్తుని ఆస్తిని జప్తు చేయించి అమ్మించును. ఇది 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు 21వ ఆర్డరు ప్రకారము జరుగును.

రెండవది బ్యాంకు వేలము. ఇల్లు తాకట్టు పెట్టి తీసికొన్న అప్పు తీరనప్పుడు, కోర్టుకు పోకుండగనే బ్యాంకు ఆ ఆస్తిని అమ్ముకొనుటకు 2002వ సంవత్సరపు చట్టము అధికారమిచ్చినది. దీనినే వాడుకలో సర్ఫేసీ చట్టమందురు. నేడు పత్రికలలో కనుపించు ఇండ్ల వేలము ప్రకటనలలో పెక్కు ఈ తెగకు చెందినవే.

మూడవది ప్రభుత్వ బకాయిల వేలము. ప్రభుత్వమునకు రావలసిన సొమ్మును రాబట్టుటకై 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టము క్రింద రెవెన్యూ అధికారులు జరుపునట్టిది.

నాలుగవది ప్రభుత్వ సంస్థలు తమ స్వంత స్థలములను అమ్మునట్టిది. నగరాభివృద్ధి సంస్థలు, గృహనిర్మాణ మండలులు లేఅవుట్లు వేసి ఇండ్ల స్థలములను, పెద్ద నిర్మాణములకు తగిన స్థలములను వేలమున ఇచ్చుచుండును. ఇక్కడ బాకీదారుడు లేడు. కనుక స్వాధీనపు చిక్కులు తక్కువ. ధర మాత్రము పోటీని బట్టి పెరుగును. హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ 2023 ఆగస్టులో కోకాపేటలో జరిపిన వేలమున ఒక ఎకరము 100 కోట్ల 75 లక్షల రూపాయలకు పోయినది. అట్టి ధర పెద్ద నిర్మాణ సంస్థలకు సంబంధించినది. ఆ వార్తను చూపి మన మండలములోని స్థలమునకు వెల పెంచువారి మాటలను నమ్మరాదు.

బ్యాంకు వేలము నడచు తీరు

గ్రామములలో తరచుగా ఎదురగునది ఇదే కనుక దీనిని కొంత విపులముగా తెలిసికొందము.

వాయిదాలు సాధారణముగా 90 దినములకు మించి నిలిచిపోయినచో బ్యాంకు ఆ ఖాతాను మొండిబాకీగా పరిగణించును. పిమ్మట చట్టము 13వ సెక్షను క్రింద 60 దినముల గడువుతో నోటీసు పంపును. ఋణగ్రస్తుడు దానికి అభ్యంతరము వ్రాసి పంపినచో బ్యాంకు 15 దినములలో జవాబు చెప్పవలెను. గడువులోగా బాకీ తీరనిచో బ్యాంకు అధికారి ఆస్తిని స్వాధీనపరచుకొనును. అట్టి స్వాధీనపు నోటీసును ఇంటి వెలుపలి తలుపునకు అంటింపవలెను; 7 దినములలోగా రెండు ప్రముఖ పత్రికలలో ప్రకటింపవలెను. వానిలో ఒకటి స్థానిక భాషా పత్రికయై యుండవలెను.

ఆ తరువాత ఆస్తికి వెల కట్టించి, దిగువ ధరను నిర్ణయించి, వేలము నోటీసును ప్రకటింతురు. ఆ నోటీసునకును, అమ్మకమునకును నడుమ 30 దినములు గడువవలెను. మొదటి వేలమున పాటదారులు రాక మరల వేలము వేయవలసి వచ్చినచో 15 దినముల నోటీసు చాలును. దిగువ ధరకు లోపలి పాటకు అమ్ముట సాధారణముగా జరుగదు.

నేడు ఈ పాటలు పెక్కు కంప్యూటరు ద్వారా జరుగుచున్నవి. ప్రభుత్వ రంగ బ్యాంకులు అమ్మజూపు ఆస్తుల వివరములు 2025 జనవరిలో ప్రారంభమైన బ్యాంక్‌నెట్ అను వేదికపై దొరకును. పూర్వము టముకు వేసి, "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని పిలిచినప్పుడు పోటీదారుని ముఖము కనుపించెడిది. ఇప్పుడు అంకెలు మాత్రమే కనుపించును. ముఖము కనుపించనప్పుడు పంతము మరింత పెరుగునని అనుభవజ్ఞులు చెప్పుదురు.

సొమ్ము లెక్క

వేలమున నష్టపోవువారిలో పెక్కుమంది గడువుల లెక్క తెలియక నష్టపోవుదురు. ఒక ఉదాహరణము తీసికొందము.

ఒక గ్రామములో సైకిలు దుకాణము నడుపుకొను ఒక గృహస్థు కలడనుకొందము. అతడు రెండు గేదెలను అమ్మి, భార్య నగలు కుదువబెట్టి, చిట్టీ పాడి 8 లక్షల రూపాయలు సమకూర్చుకొనెను. వేలమునకు వచ్చిన ఇంటి దిగువ ధర 20 లక్షలు. పాటలో ప్రవేశించుటకు దిగువ ధరలో నూటికి 10 చొప్పున 2 లక్షలు ధరావతు కట్టవలెనని నోటీసులో నున్నది. అతడు కట్టెను. పోటీ పెరిగి పాట 24 లక్షలకు అతనిపై నిలిచెను.

ఇక గడువులు మొదలగును. పాట మొత్తములో నాల్గవ వంతు, అనగా 6 లక్షలు, ఆ దినముననే గాని, తప్పినచో మరుసటి పనిదినమున గాని చెల్లింపవలెను. ధరావతు 2 లక్షలు అందులో కలియును గనుక ఇంకను 4 లక్షలు కట్టవలెను. అతడు కట్టెను. తక్కిన 18 లక్షలు, అమ్మకమును ధ్రువపరచిన నాటినుండి 15 దినములలో చెల్లింపవలెను. బ్యాంకు వ్రాతపూర్వకముగా అంగీకరించినచో ఆ గడువు పెరుగవచ్చును గాని అది మొత్తముమీద మూడు నెలలు మించరాదు.

అతని చేత మిగిలినది 2 లక్షలు. తక్కినది మరియొక బ్యాంకు అప్పుగా ఇచ్చునని అతడు తలంచెను. ఆ బ్యాంకువారు దస్తావేజులు చూడవలెనన్నారు, న్యాయవాది అభిప్రాయము కావలెనన్నారు, ఇంటిని చూచి వెల కట్టవలెనన్నారు. ఇంతలో గడువు దాటెను. ఫలితమేమి? కట్టిన 6 లక్షలును పోవును. ఇల్లు మరల వేలమునకు వచ్చును.

ఇందులో కొంతయైనను తిరిగి రాదా అని అడుగవచ్చును. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇట్టి తగవునే విచారించి, గడువు తప్పిన కొనుగోలుదారుని నాల్గవ వంతు సొమ్మును పూర్తిగా జప్తు చేయుటకు నిబంధనలు అధికారమిచ్చుచున్నవని తీర్పు చెప్పినది. బ్యాంకునకు నిజముగా నష్టము కలిగినదా లేదా అను వాదము అక్కడ నిలువలేదు. కనుక అప్పు మంజూరైన ఉత్తరము చేతికందిన పిమ్మటనే పాటకు పోవలెను. వచ్చునను ఆశతో పాడరాదు. ఈ ఒక్క మాటను సభ్యులు తమ వార్డులో పదిమందికి చెప్పినను ఈ పాఠము సార్థకమైనట్లే.

కోర్టు వేలములో గడువులు ఇంకను కఠినము. పాట నిలిచిన వెంటనే నూటికి 25 వంతులు అక్కడనే చెల్లింపవలెను. తక్కినది అమ్మకపు దినము నుండి 15 దినములలో కోర్టులో జమకట్టవలెను. ఈ నిబంధన తప్పనిసరియని, దీనిని సడలించు అధికారము కోర్టునకు లేదని సుప్రీంకోర్టు 1954లోనే చెప్పియున్నది.

పాట ధరతో ఖర్చు ముగియదు. స్టాంపు సుంకము, రిజిస్ట్రేషను రుసుము, పాత పన్ను బకాయిలు, కరెంటు బకాయి, మరమ్మతులు, న్యాయవాది రుసుము ఉండును. ధర 50 లక్షలు గాని అంతకు మించి గాని ఉన్నచో కొనువాడు నూటికి ఒక రూపాయి చొప్పున ఆదాయపు పన్ను మినహాయించి ప్రభుత్వమునకు జమకట్టవలసి యుండును. ఈ లెక్క అంతయు ఒక కాగితముపై వ్రాసికొని, మొత్తమునకు పైని కొంత చేతిలో ఉంచుకొని, అప్పుడు పాటకు హద్దు నిర్ణయించుకొనవలెను.

పాడక ముందు విచారింపవలసినవి

వేలము నోటీసులలో "ఉన్నచోట ఉన్నట్లుగా, ఉన్నది ఉన్నట్లుగా" అమ్మబడునను మాట ఉండును. ఇది అలంకారమునకు వ్రాసిన మాట కాదు. ఆస్తిలో లోపములున్నచో వానిని కనుగొను పూచీ కొనువానిదే యని దాని భావము. కాబట్టి ఈ క్రింది విచారణలు తప్పవు.

మొదట హక్కు. తాకట్టు పెట్టినవానికి ఆ ఆస్తి ఎట్లు వచ్చినది? కొన్నదా, పిత్రార్జితమా, పంపకములో వచ్చినదా? అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు హక్కుదారులుగా మిగిలియున్నారా? సబ్ రిజిస్ట్రారు కార్యాలయము నుండి 30 సంవత్సరములకు తగ్గకుండ ఈసీ తీసికొని చూడవలెను. పంచాయతీ ఇంటి పన్ను రసీదు హక్కును నిరూపింపదు. రసీదులో పేరున్నవాడు పన్ను కట్టినాడని మాత్రమే అది చెప్పును. గ్రామకంఠములోని ఇండ్లకు పాత దస్తావేజులు లేకపోవుట సామాన్యము గనుక అక్కడ ఈ విచారణ మరింత జాగ్రత్తతో చేయవలెను.

రెండవది స్వాధీనము. నోటీసులో రెండు విధములైన స్వాధీనములు వ్రాయుదురు. ఒకటి కాగితముపై తీసికొన్న సాంకేతిక స్వాధీనము. రెండవది తాళము వేసి తీసికొన్న వాస్తవ స్వాధీనము. మొదటి తెగ అయినచో యజమాని గాని అద్దెదారు గాని ఇంకను ఆ ఇంటిలో కాపురమున్నట్లే. అప్పుడు 14వ సెక్షను క్రింద జిల్లా మేజిస్ట్రేటు ఉత్తరువు పొంది ఖాళీ చేయింపవలసి యుండును. ధర తక్కువగా కనుపించు ఇండ్లలో పెక్కింటికి కారణమిదే. సొమ్ము నేడు కట్టి, తాళముచెవి ఎప్పుడు వచ్చునో తెలియక, అప్పుపై వడ్డీని, అద్దె ఇంటికి అద్దెను రెండింటిని భరించువారున్నారు.

మూడవది బకాయిలు. ఇంటి పన్ను, నీటి పన్ను, కరెంటు ఛార్జీలు విచారింపవలెను. పాత యజమాని విద్యుత్ బకాయిని వేలమున కొన్నవానినుండి కోరవచ్చునా అను ప్రశ్నపై 2023 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది. కొన్నవాడు కరెంటు కనెక్షను కోరినప్పుడు పాత బకాయి చెల్లింపవలెనను షరతు నిబంధనలలో ఉన్నచో అది చెల్లునని ఆ తీర్పు సారాంశము. మూతబడిన మిల్లులను, కోళ్ల ఫారములను కొనువారు దీనిని మరువరాదు. అక్కడ కరెంటు బకాయి ఇంటి బకాయి వంటిది కాదు, లక్షలలో ఉండవచ్చును.

నాల్గవది భూమి స్వభావము. సర్ఫేసీ చట్టము వ్యవసాయ భూమిపై నున్న తాకట్టునకు వర్తింపదని 31వ సెక్షను చెప్పుచున్నది. పేరునకు ఇండ్ల స్థలమై, నిజమునకు సేద్యము జరుగుచున్న భూమి వేలమునకు వచ్చినచో వ్యాజ్యము వెంటవచ్చునని తలంపవలెను. అయితే అది వ్యవసాయ భూమియే యని రుజువు చేయు భారము మొదట ఋణగ్రస్తునిపై ఉండునని 2023లో సుప్రీంకోర్టు చెప్పినది. కావున రికార్డులో నున్న పేరుతో తృప్తిపడక స్వయముగా పోయి నేలను చూడవలెను. హద్దురాళ్లు చూడవలెను. ఇరుగుపొరుగు రైతులను అడుగవలెను.

అయిదవది నిషేధములు. ఏజెన్సీ ప్రాంతములలో 1970లో సవరింపబడిన 1959 నాటి 1వ రెగ్యులేషను ప్రకారము స్థిరాస్తి గిరిజనేతరుల పేరున బదిలీ యగుట చెల్లదు. వేలమున పాడినంత మాత్రమున ఆ నిషేధము తొలగిపోదు. ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు భూములపై 1977 నాటి చట్టపు కట్టుబాట్లున్నవి. దేవాలయ భూములకు, వక్ఫు భూములకు వేరువేరు చట్టములున్నవి. రిజిస్ట్రేషను చట్టము 22-ఏ సెక్షను క్రింది నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉన్నదేమో సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునను, తహశీలుదారు కార్యాలయమునను విచారింపక పాటకు పోరాదు.

ఆరవది లేఅవుటు అనుమతి. స్థలము అనుమతి పొందిన లేఅవుటులోనిదా? బాట ఎంత వెడల్పు? నీరు, మురుగు కాలువలు, దీపములు వచ్చినవా, రానున్నవా? అనుమతి లేని స్థలమును వేలమున కొన్నను అది అనుమతి పొందినది కాజాలదు. ఇల్లు కట్టుకొనుటకు దరఖాస్తు పెట్టినప్పుడు ఆ లోపము బయటపడును.

పాట నాడు

హద్దు వ్రాసికొన్న కాగితము ఎదుట ఉంచుకొనవలెను. అలవాటు లేనివాడు మొదట ఒకటి రెండు వేలములను పాడక చూచుట మేలు. పొరుగువాడు పెంచినాడను పంతముతో హద్దు దాటినవాడు ఇంటికి కాక పంతమునకు వెల కట్టినవాడగును. దళారి "నేను చూచుకొందును, నీవు సొమ్మిమ్ము" అనినచో వినరాదు. ధరావతును నోటీసులో చూపిన ఖాతాకే తన పేరుతోనే కట్టవలెను. ఒకరి సొమ్ముతో మరియొకరి పేర కొనుట 1988 నాటి బేనామీ చట్టముచే నిషిద్ధము. పాటదారులు కూడబలుకుకొని ధర పెరుగకుండ చేసినచో ఆ అమ్మకము మోసమని కొట్టివేయబడు ప్రమాదము కలదు.

పాట తరువాత

సొమ్మంతయు చెల్లించిన పిమ్మట బ్యాంకు అధికారి అమ్మకపు ధ్రువపత్రము ఇచ్చును. ఆ ఇంటికి ఇకపై ఆధారపత్రము అదే. అందులో సర్వే నంబరు, హద్దులు, విస్తీర్ణము సరిగా నున్నవో లేవో అక్షరమక్షరము సరిచూచుకొనవలెను. స్టాంపు సుంకమును గూర్చి, దానిని రిజిస్ట్రారు పుస్తకములలోనికి ఎక్కించుటను గూర్చి సబ్ రిజిస్ట్రారును అడిగి ఆ ప్రకారము చేయవలెను. పాత మూల దస్తావేజులను బ్యాంకు నుండి రసీదుతో తీసికొనవలెను. తరువాత పంచాయతీ రిజిస్టరులో పేరు మార్పునకు, కరెంటు కనెక్షనుకు దరఖాస్తులు పెట్టుకొనవలెను.

కోర్టు వేలములో అమ్మకము వెంటనే స్థిరపడదు. యజమాని 60 దినములలోగా ప్రకటనలో చూపిన బాకీని, కొన్నవానికై పాట ధరలో నూటికి 5 చొప్పున పరిహారమును కోర్టులో జమకట్టి అమ్మకమును రద్దు చేయించుకొనవచ్చును. వేలము జరిపిన తీరులో మోసము గాని, తీవ్రమైన లోపము గాని జరిగి తనకు నష్టము కలిగినచో ఆ కారణముపైనను అర్జీ పెట్టుకొనవచ్చును. కావున కోర్టు ధ్రువపరచువరకు కొన్నవాడు గోడలు పడగొట్టుట, కొత్తగా కట్టుట వంటి పనులకు పూనుకొనరాదు. ధ్రువపడిన నాటినుండి ఒక సంవత్సరములోగా స్వాధీనమునకై కోర్టును కోరవలెను. ఈ గడువును మరచి చిక్కుబడినవారు కలరు.

ఇల్లు పోవువాని పక్షము

ఇక మొదటివాని ప్రశ్నకు వత్తము. ఇల్లు పోగొట్టుకొనువారిలో మోసగాండ్రు కొందరుండవచ్చును. పెక్కుమంది మాత్రము పంట పోయినవారు, రోగమునకు ఖర్చుపెట్టినవారు, కుమార్తె పెండ్లికి అప్పు చేసినవారు, వ్యాపారము దెబ్బతిన్నవారు. వారు నోటీసు రాగానే సిగ్గుచే దానిని మడిచి పెట్టెలో దాచుదురు. ఇంటిలో భార్యకు సైతము చెప్పరు. తలుపుపై కాగితము అంటించిన నాడు గాని ఊరికి తెలియదు. అప్పటికి కాలము చాలవరకు మించిపోవును.

ఎందుకనగా, బాకీనంతటిని ఖర్చులతో సహా చెల్లించి ఇంటిని విడిపించుకొను హక్కు వేలము నోటీసు ప్రకటింపబడు దినముతో ముగియునని 2016 సవరణ చెప్పుచున్నది. ప్రకటన వెలువడిన పిమ్మట ఆ హక్కు మిగులదని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. పూర్వము అమ్మకము పూర్తియగువరకు వీలున్నదని తలంచి కూర్చున్నవారు కలరు. ఆ తలంపు ఇప్పుడు చెల్లదు. కాబట్టి 60 దినముల మొదటి నోటీసు వచ్చిన దినమే ముఖ్యమైన దినము. ఆ దినమునుండి ఏమి చేయవచ్చునో వరుసగా చెప్పుచున్నాము.

బ్యాంకునకు పోయి లెక్క వివరము వ్రాతమూలముగా అడుగవలెను. లెక్కలో తప్పున్నచో అభ్యంతరము వ్రాసి రసీదు తీసికొనవలెను. వాయిదాలు మార్చుటకు గాని, ఒకేసారి కొంత తగ్గించి తీర్చుటకు గాని వీలున్నదేమో అడుగవలెను. ఇది హక్కు కాదు, బ్యాంకు అంగీకారముపై ఆధారపడును. ఇంటిలో కొంత భాగమునో, వేరొక స్థలమునో బ్యాంకు సమ్మతితో తానే మంచి ధరకు అమ్మి బాకీ తీర్చుట వేలమున పోగొట్టుకొనుట కంటె మేలు. బాకీ లక్ష రూపాయలకు మించనిదైనను, అసలు వడ్డీలలో నూటికి 20 వంతులకు లోపుగా మాత్రమే మిగిలియున్నను ఈ చట్టము వర్తింపదు. బ్యాంకు చర్య నిబంధనలకు విరుద్ధముగా నున్నచో 45 దినములలోగా ఋణ వసూళ్ల ట్రిబ్యునలులో దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఇవి హైదరాబాదునను, విశాఖపట్టణమునను కలవు. ఈ తగవులను సివిల్ కోర్టులో వేయుటకు సాధారణముగా వీలు లేదు. అక్కడ తిరిగి కాలము పోగొట్టుకొనరాదు. న్యాయవాదికి సొమ్ము లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఆదాయముతో పనిలేకుండ ఉచిత సహాయము పొందు హక్కు కలదు.

ఇల్లు అమ్ముడుపోయిన పిమ్మటను ఒక హక్కు మిగిలియుండును. బాకీ, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము యజమానికి చెందును. దానిని వ్రాతమూలముగా కోరవలెను. అట్లే, అమ్మిన సొమ్ము చాలనిచో మిగిలిన బాకీ అతనిపై నిలిచియుండును.

పంచాయతీ చేయవలసిన పని

కోర్టు వేలములకు సంబంధించి ఒక విశేషము కలదు. గ్రామములోని భూమిని జప్తు చేసినప్పుడు ఆ ఉత్తరువు ప్రతిని గ్రామ పంచాయతీ కార్యాలయమునను అంటింపవలెనని 21వ ఆర్డరు 54వ రూలు చెప్పుచున్నది. ఆ కాగితమును గోడపై ఎండకు వాడనీయక, దానిని చదివి సంబంధించిన కుటుంబమునకు వివరించుట సభ్యుని ధర్మము.

పన్ను బకాయి ఎంత, లేఅవుటునకు అనుమతి ఉన్నదా అని ఎవరడిగినను పంచాయతీ కార్యాలయమువారు రికార్డు చూచి వెంటనే వ్రాసి ఈయవలెను. కొనగోరువానికి ఒక మాట, యజమానికి ఒక మాట చెప్పరాదు.

పంచాయతీకి స్వంతముగను ఒక భయము కలదు. లేఅవుటులో పార్కునకు, బాటలకు విడిచిన జాగాలు ప్రజలవి. వానిని కలుపుకొని లేఅవుటు వేసినవాడు బ్యాంకులో తాకట్టు పెట్టినచో, వేలము నోటీసులోని హద్దులలో ఆ జాగాయు చేరియుండును. నోటీసు కనుపించగానే హద్దులను లేఅవుటు పటముతో పోల్చిచూడవలెను. తేడా ఉన్నచో తీర్మానము చేసి, పటము ప్రతితో సహా బ్యాంకు అధికారికి వెంటనే వ్రాయవలెను. గడువులోగా ట్రిబ్యునలును ఆశ్రయింపవలెను. ఊరకున్నచో పిల్లలు ఆడుకొను జాగాలో ఒకనాడు ప్రహరీగోడ లేచును. తెలియక కొన్నవాడును నష్టపోవును.

తుదకు ఒక మాట. వేలమున ఇల్లు కొన్నవానిని ఊరు వెలివేసినట్లు చూచుట కొన్నిచోట్ల కలదు. "వాని ఇంటిని వీడు మింగినాడు" అందురు. మరికొన్నిచోట్ల ఎవరును పాడరాదని కట్టుబాటు చేయుదురు. పాడువారు లేనిచో దిగువ ధరను తగ్గించి మరల వేలము వేయుదురు; పొరుగూరివాడు తక్కువ ధరకు కొనిపోవును. అప్పుడు బాకీ తీరక యజమానికే అధిక నష్టము కలుగును. న్యాయమైన పోటీ, న్యాయమైన ధర రెండు పక్షములకును మేలు. సభ్యుడు తానే పాడదలచినచో, యజమాని తనకు నమ్మి చెప్పిన సంగతులను తన లాభమునకు వాడుకొనరాదు. అట్టి సందర్భమున సలహా చెప్పు బాధ్యతను మరియొక సభ్యునికి విడుచుట మర్యాద.

చర్చకు ప్రశ్నలు

పంచాయతీ సమావేశమునందు గాని, గ్రామసభయందు గాని ఈ ప్రశ్నలను చర్చింపుడు.

1. మన గ్రామములో గత సంవత్సరము వేలము నోటీసు వచ్చిన ఇండ్లెన్ని? ఆ కుటుంబములకు మొదటి నోటీసు నాడే సలహా చెప్పినవారున్నారా?

2. దిగువ ధర 12 లక్షలు, ధరావతు నూటికి 10, పాట 16 లక్షలు. మరుసటి పనిదినమునాటికి ఇంకను ఎంత కట్టవలెను? ధ్రువపరచిన పిమ్మట 15 దినములలో ఎంత కట్టవలెను?

3. మన లేఅవుట్లలో ప్రజల జాగాలు ఎక్కడెక్కడ ఉన్నవి? వాని పటములు కార్యాలయమున భద్రముగా నున్నవా?

4. నోటీసు అందుకొన్నవాడు సిగ్గుపడి దాచకుండుటకు మనమేమి చేయగలము?

రెండవ ప్రశ్నకు జవాబు 2 లక్షల 80 వేలు, 12 లక్షలు. తక్కిన మూటికి జవాబులు మీ గ్రామములోనే దొరకవలెను.